విద్యా పరిశోధన పద్ధతులు పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవడం ఎలా

ఎం.ఎడ్. డిజర్టేషన్ రాస్తున్నప్పుడు డేటా విశ్లేషణ కోసం నేను ఒక సెంటర్‌లో ఆరు వేలు కట్టాను. వంద మంది పిల్లల మార్కులు ఇస్తే మూడు రోజుల్లో చక్కటి పట్టికలు చేసి ఇచ్చారు, బైండింగ్ చేయించి సబ్మిట్ చేసేశాను. వైవాలో ఎగ్జామినర్ గారు ఒక పట్టిక మీద వేలు పెట్టి, "శాంపిల్ వంద కదమ్మా, ఇక్కడ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 98 అని ఉంది, ఎలా వచ్చింది?" అని అడిగారు. నోట మాట రాలేదు. లెక్కలో స్వేచ్ఛగా మారగలిగే విలువలు ఎన్నో చెప్పే సంఖ్య అది. యాభై మంది అబ్బాయిలు, యాభై మంది అమ్మాయిలు, రెండు గ్రూపులు కాబట్టి వందలోంచి రెండు పోతే 98. అంతే సంగతి. ఐదు నిమిషాల్లో నేర్చుకోగలిగిన దానికి డబ్బు కట్టి, నేర్చుకోకుండానే వచ్చేశానన్న బాధ చాలా కాలం పోలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ వెతుక్కుంటూ నేర్చుకున్నాను. బి.ఎడ్. యాక్షన్ రీసెర్చ్ నుంచి పీహెచ్‌డీ దాకా కావలసినదంతా ఉచితంగానే ఉంది. మనల్ని ఇబ్బంది పెట్టేది సామగ్రి లేకపోవడం కాదు, ఏది ఎప్పుడు తెరవాలో చెప్పేవాళ్లు లేకపోవడం. అందుకే నేను ఏ వరుసలో వెళ్తే పని జరిగిందో ఆ వరుసలోనే చెబుతాను.

ముందు నోట్‌బుక్, తర్వాతే ఇంటర్నెట్

టెలిగ్రామ్ గ్రూపుల్లో గిగాబైట్ల కొద్దీ పీడీఎఫ్‌లు దింపుకోవడంతో మొదలుపెట్టకండి. వాటిలో తొంభై శాతం ఎప్పటికీ తెరవరు. ముందు మీ క్లాసులో మిమ్మల్ని నిజంగా వేధించే విషయం ఒకటి కాగితం మీద పెట్టండి. ఉదాహరణకి "నాలుగో తరగతి పిల్లలు ఒత్తులు వదిలేసి రాస్తున్నారు" అనుకుందాం. పుస్తకం అని చెబితే 'పుసకం' అని, అమ్మ అంటే 'అమ' అని రాస్తున్నారు. ఇది సమస్య, ఇంకా పరిశోధన ప్రశ్న కాలేదు. ఏ ఒత్తులు వదిలేస్తున్నారు? ద్విత్వాలా, సంయుక్తాలా? చదివేటప్పుడు సరిగ్గా పలికి రాసేటప్పుడే వదిలేస్తున్నారా, లేక పలకడంలోనే పోతోందా? రోజూ పది నిమిషాలు పదాన్ని విడదీసి పలికించి రాయిస్తే ఆరు వారాల్లో మార్పు వస్తుందా? ఈ చివరిదానికి వచ్చాక మీ చేతిలో ఒక ప్రశ్న ఉన్నట్టు. ఇక ఏ వెబ్‌సైట్ తెరిచినా దేనికోసం తెరిచారో మీకు తెలుస్తుంది.

పునాదికి ఒక్క పుస్తకం చాలు

ఇగ్నో వాళ్ల పాఠాలన్నీ ఈ-జ్ఞాన్‌కోశ్ అనే సైట్‌లో ఉచితంగా ఉంటాయి. అక్కడ ఎం.ఇ.ఎస్.-016 అని వెతకండి. అది ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లోని ఎడ్యుకేషనల్ రీసెర్చ్ పేపర్. దూరవిద్య విద్యార్థి పక్కన మాస్టారు లేకుండా చదువుకోవాలని రాసినది కాబట్టి ఇంగ్లీషు తేలిగ్గా ఉంటుంది, ప్రతి యూనిట్‌లో మధ్యమధ్య ప్రశ్నలుంటాయి. ఆ ప్రశ్నలు దాటేయకండి, మీ సొంత సమస్యకి అన్వయించి జవాబు రాయండి. వీడియో అలవాటున్న వాళ్లకి యూజీసీ ఈ-పీజీ పాఠశాల ఉంది, ఎడ్యుకేషన్ సబ్జెక్టు కింద పాఠ్యం, వీడియో, స్వీయ పరీక్ష కలిపి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో రీసెర్చ్ మెథడాలజీ కోర్సులు జనవరి, జులై సెమిస్టర్లలో మొదలవుతాయి. చేరడం, వినడం ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

వీటన్నిటినీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తి కాదు. ఒకటి పట్టుకుని చివరిదాకా చదవండి. పీహెచ్‌డీ వాళ్లకి ఇంకొంచెం లోతు కావాలంటే యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడా ప్రొఫెసర్ అనోల్ భట్టాచార్జీ 2012లో ఉచితంగా పెట్టిన సోషల్ సైన్స్ రీసెర్చ్ పుస్తకం ఉంది. చిన్న పుస్తకమే గానీ ఒక్క వాక్యం వృథాగా లేదు.

తెలుగు మీడియంలో చదువుకున్న వాళ్లకి ఒక మాట. హైపోథిసిస్, వేరియబుల్, వాలిడిటీ అంటుంటే కంగారు పడేది అర్థం కాక కాదు, మన పుస్తకాల్లో చదివిన పరికల్పన, చరం, సప్రమాణత ఇవేనని ఎవరూ జోడించి చెప్పకపోవడం వల్ల. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసుకోండి: ఇంగ్లీషు మాట, తెలుగు మాట, మీ క్లాసులోంచి ఉదాహరణ. మూడో గడి నింపలేకపోతే ఆ మాట మీకు ఇంకా రాలేదన్నమాట. విశ్వసనీయతకి, అంటే రిలయబిలిటీకి, నేను రాసుకున్నది ఇది: "తూకం రాయి ఇవాళా రేపూ ఒకే బరువు చూపిస్తే విశ్వసనీయత. కానీ కేజీ అని రాసి ఉన్న రాయి నిజంగా 900 గ్రాములే అయితే సప్రమాణత లేదు." ఒక నలభై మాటలకి ఇలా రాసుకుంటే ఏ ఇంగ్లీషు పుస్తకమూ భయపెట్టదు.

శోధ్‌గంగలో థీసిస్ ఎలా చదవాలి

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. 2009 యూజీసీ నిబంధనల వల్ల యూనివర్సిటీలు థీసిస్ సాఫ్ట్ కాపీ కూడా తీసుకోవాల్సి వచ్చింది, అలా పోగయిన సంపద ఇది. లాగిన్ కూడా అక్కర్లేదు. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, కాకతీయ, ఇలా యూనివర్సిటీ వారీగా, డిపార్ట్‌మెంట్ వారీగా వెళ్లొచ్చు, లేదా నేరుగా మాట పెట్టి వెతకొచ్చు.

ఒక థీసిస్ తెరిస్తే అది ముక్కలుగా కనిపిస్తుంది: టైటిల్ పేజీ, విషయసూచిక, ఒక్కో అధ్యాయం ఒక్కో పీడీఎఫ్. అందరూ మొదటి అధ్యాయం దింపుకుని, దాంట్లోని వాక్యాలు ఎత్తి తమ దాంట్లో పెట్టుకుంటారు. దయచేసి అది చేయకండి. దొంగతనం అవడమే కాదు, యూనివర్సిటీలకి ఇన్‌ఫ్లిబ్‌నెట్టే శోధ్‌శుద్ధి కింద కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, దొరికిపోతారు కూడా. మీరు ముందు తెరవాల్సింది పద్ధతి గురించిన అధ్యాయం, ఎక్కువగా మూడోది. శాంపిల్ ఎలా ఎంచుకున్నారు, ఎందుకు అంతమందే, టూల్‌ని, అంటే ప్రశ్నావళి లాంటి సాధనాన్ని, ముందుగా ఎవరి మీద ప్రయోగించి చూశారు (పైలట్), ఏ అంశాలు తీసేశారు, ఇవి చూడండి. తర్వాత చివర్లో ఉండే అనుబంధాలు తెరవండి, అసలు ప్రశ్నావళి అక్కడ ఉంటుంది. అది వాడుకోవాలనిపిస్తే తయారుచేసిన వారికి మర్యాదగా మెయిల్ రాసి అనుమతి అడగండి, చాలామంది సంతోషంగా ఇస్తారు.

ఇంకో జాగ్రత్త. శోధ్‌గంగలో ఉన్నంత మాత్రాన ప్రతిదీ మంచిది కాదు. ఒకే అంశం మీద ఐదు థీసిస్‌లు తీసి, పద్ధతి అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండు రోజులు పడుతుంది. "స్తరిత యాదృచ్ఛిక ప్రతిచయనం" (వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలోంచి లాటరీ పద్ధతిలో ఎంచుకోవడం) అని రాసి, కింద పట్టికలో మాత్రం దగ్గర్లో ఉన్న నాలుగు బడుల పేర్లు ఉన్న థీసిస్ ఒకటైనా తగులుతుంది. ఆ తేడా మీ కంటికి కనబడటం మొదలైన రోజు నుంచి మీరు పరిశోధన చదవడం నేర్చుకున్నట్టే.

ఎరిక్, ఇంకా తాళం వేసి ఉన్న పేపర్లు

విద్యా పరిశోధనకి ప్రపంచంలో అతి పెద్ద ఉచిత సూచిక ఎరిక్. అమెరికా విద్యాశాఖ కింద 1960ల నుంచి నడుస్తోంది. వెతికే పెట్టె కింద రెండు చిన్న గళ్లుంటాయి: ఒకటి తోటి నిపుణులు పరిశీలించినవి మాత్రమే, రెండోది ఎరిక్‌లోనే పూర్తి పాఠం ఉన్నవి. మొదట రెండోది టిక్ చేయండి, కనబడే ప్రతిదీ చదవగలిగేదే అవుతుంది. మీరు టైప్ చేసిన మాటకి సరిపడే ఫలితాలు రాకపోతే దిగులు పడకండి, ఎరిక్‌కి సొంత పదకోశం ఉంది, థిసారస్ అంటారు. మీరు 'స్పెల్లింగ్ మిస్టేక్స్' అంటారు, వాళ్లు దాన్ని వేరే పేరుతో వర్గీకరించి ఉంటారు. ముందు థిసారస్‌లో ఆ పేరు పట్టుకుని తర్వాత వెతకండి. పక్కనే ఉండే వడపోతల్లో దేశం కూడా ఎంచుకోవచ్చు, ఇండియా పెట్టి చూడండి. నంబరు ఈజేతో మొదలైతే జర్నల్ వ్యాసం, ఈడీతో మొదలైతే నివేదికలు, సమావేశ పత్రాల వంటివి.

మన దేశపు పని కోసం ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఇండియన్ ఎడ్యుకేషనల్ రివ్యూ పాత సంచికలు ఉచితంగా ఉన్నాయి. బరోడాలో ఎం.బి. బుచ్ 1974లో మొదలుపెట్టిన విద్యా పరిశోధనల సర్వేల గురించి మీ గైడ్ చెప్పే ఉంటారు, వాటిలోంచి పాత పరిశోధనలు తీసుకోండి గానీ సమీక్ష అంతా 1990 దగ్గరే ఆపేయకండి.

డబ్బు కట్టమని అడిగే పేపర్లకి దారులున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలో, ప్రభుత్వ కాలేజీలో చదివే వాళ్లు ముందు మీ లైబ్రేరియన్ గారిని 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి అడగండి. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది, 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ దాని కిందికి వస్తాయి. ప్రైవేట్ బి.ఎడ్. కాలేజీల పిల్లలకి ఈ సౌకర్యం ఇంకా రాలేదు, రావలసిన అవసరం ఎక్కువ వాళ్లకే ఉందని నా అభిప్రాయం. అంతవరకు అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్‌ని బ్రౌజర్‌లో పెట్టుకోండి, పేపర్‌కి చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కినా రచయిత సొంత పేజీలో పెట్టిన ప్రతి దొరకొచ్చు. ఏదీ కుదరకపోతే రచయితకే మెయిల్ రాయండి. నాలుగు లైన్లు చాలు: మీరెవరు, ఏం చేస్తున్నారు, ఏ పేపర్ కావాలి, ధన్యవాదాలు.

మన పల్లెల్లోనే జరిగిన పరిశోధనలు

పద్ధతిని పుస్తకంలో చదవడం ఒకటి, మనకు తెలిసిన బడుల్లో దాన్ని ఎలా వాడారో చూడటం ఇంకొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం చదవండి. ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్ని లాటరీ పద్ధతిలో గ్రూపులుగా విడదీసి, కొన్నిచోట్ల పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకి బోనస్ ఇచ్చి, కొన్నిచోట్ల ఇవ్వకుండా పోల్చారు. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. ఫలితం 2011లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది, వర్కింగ్ పేపర్‌గా ఉచితంగా దొరుకుతుంది. ఈ 0.27 అంటే ఏంటో ఇక్కడే అర్థం చేసుకోండి. వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడు ఇంచుమించు పది మందిని దాటి ముందుకెళ్లినట్టు. టీచర్లకి బోనస్ మంచిదా కాదా అన్నది వేరే చర్చ, మీరు చూడాల్సింది రెండు గ్రూపుల్ని ముందే పోల్చదగ్గవిగా ఎలా చేశారన్నది.

రెండోది యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే ఈ అధ్యయనం నాలుగు దేశాల్లో 12,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించింది, అందులో 3,000 మంది మనవాళ్లు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ పిల్లలు. 2001-02లో పుట్టినవాళ్లు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. ప్రశ్నావళులు సైట్‌లోనే ఉంటాయి, డేటా కావాలంటే యూకే డేటా సర్వీస్‌లో పేరు నమోదు చేసుకుని తీసుకోవచ్చు. బడికి వెళ్లి డేటా తెచ్చే వీలులేని వాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు, ఈ డేటా మీదే మంచి డిజర్టేషన్ చేయొచ్చు.

చిన్న తరగతుల చదువు మీద పనిచేసే వాళ్లు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు మీద చేసే సర్వే, అసర్, దాని పరీక్షా పత్రాలు చూడండి, తెలుగులో ఉన్నాయి. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్క పేజీ. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మూడు నిమిషాల్లో స్థాయి తెలుసుకోవచ్చు. అంత చిన్న సాధనం 2005 నుంచి దేశమంతా ఎలా పనిచేస్తోందో ఆలోచిస్తే, మన డెబ్బై అంశాల ప్రశ్నావళుల్లో ఎంత అనవసరమో తెలుస్తుంది.

ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చేటప్పుడు

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన థీసిస్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషులో ఉన్న గణిత ఆందోళన స్కేలు ఒకటి తీసుకుని "గణిత తరగతి నాలో ఆందోళనను కలుగజేస్తుంది" అని తెలుగు చేశారనుకోండి. ఏడో తరగతి పిల్లాడికి ఆ వాక్యం పాఠ్యపుస్తకంలోది, తన మనసులోది కాదు. అదే "లెక్కల పీరియడ్ అంటే నాకు టెన్షన్" అంటే చటుక్కున తల ఊపుతాడు. అనువదించాక, అసలు ఇంగ్లీషు ప్రతిని చూడని వేరే టీచర్‌తో దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాయించండి. రెండు ఇంగ్లీషులూ పక్కన పెట్టి చూస్తే ఏ వాక్యం జారిపోయిందో బయటపడుతుంది. తర్వాత ఐదారుగురు పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ప్రశ్న చదివించి, "నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు" అనండి. దీనికి కావలసింది ఒక మధ్యాహ్నం, అంతే.

"తటస్థం" అనే గడి చిన్నపిల్లలకి పెట్టకండి. ఏం టిక్ చేయాలో తెలియని ప్రతివాడూ అక్కడే టిక్ చేస్తాడు. రెండు ముఖాల బొమ్మలు, నవ్వుతున్నది, ఏడుస్తున్నది, చాలు.

బడికి వెళ్లే ముందు హెచ్‌ఎం గారి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేని తల్లికి చదివి వినిపించాలి. బ్రిటిష్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అసోసియేషన్ నైతిక మార్గదర్శకాలు ఉచితంగా ఉన్నాయి, ఒకసారి మొత్తం చదవండి.

లెక్కలు మీ చేత్తోనే

గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ కొనక్కర్లేదు, దొంగ కాపీ అసలే వద్దు. జమోవి, జాస్ప్ రెండూ ఉచితం, రెండింటిలోనూ మెనూలు నొక్కుతూ పోవడమే. మన ఒత్తుల ఉదాహరణే తీసుకుందాం. 28 మంది పిల్లలు, ఇరవై పదాల డిక్టేషన్, ఆరు వారాల ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. జమోవి తెరిస్తే ఖాళీ పట్టిక వస్తుంది. ఒక నిలువు వరుసలో 'ముందు' మార్కులు, రెండో దాంట్లో 'తర్వాత' మార్కులు టైప్ చేయండి, ఒక్కో అడ్డ వరుస ఒక్కో పిల్లాడు. పైన అనాలిసిస్‌లో టీ-టెస్ట్స్, అందులో పెయిర్డ్ శాంపుల్స్, అంటే అదే పిల్లల రెండు మార్కుల్ని పోల్చేది. రెండు వరుసల్నీ జతగా కుడివైపు పెట్టెలోకి పంపగానే ఫలితం పక్కనే వచ్చేస్తుంది. కింద ఎఫెక్ట్ సైజ్ (తేడా ఎంత పెద్దదో చెప్పేది), డిస్క్రిప్టివ్స్ (సగటు లాంటివి) టిక్ చేయండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 27 అని కనిపిస్తుంది, ఒకే గ్రూపు కాబట్టి 28లోంచి ఒకటే పోయింది. ఒక మార్కు మార్చి చూడండి, ఫలితం అక్కడికక్కడే మారుతుంది. నాకైతే గణాంకాలంటే ఉన్న భయం అలా మార్చి మార్చి చూడటం వల్లే పోయింది.

పీ విలువ 0.03 వస్తే "97 శాతం నిజం" అని రాయకండి. అసలు ఏ మార్పూ రాలేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం వందలో మూడు అని దాని అర్థం. పైగా పోల్చడానికి ఇంకో గ్రూపు లేదు కాబట్టి, ఆరు వారాల్లో పిల్లలు మామూలుగానే ఎదిగారేమో, అవే పదాలు రెండోసారి విన్నారు కాబట్టి బాగా రాశారేమో అన్న అనుమానం ఉంటుంది. దాన్ని దాచకుండా పరిమితుల్లో రాయండి. వీలైతే పక్క సెక్షన్‌కి కూడా రెండుసార్లు అదే డిక్టేషన్ పెట్టండి.

ఇంటర్వ్యూలు చేసేవాళ్లకి దారి వేరు. బ్రాన్, క్లార్క్ 2006లో రాసిన థిమాటిక్ అనాలిసిస్ (మాటల్లోంచి ముఖ్య అంశాలు పట్టుకునే పద్ధతి) వ్యాసం ఆరు దశల్ని విడమరిచి చెబుతుంది. సాఫ్ట్‌వేర్ కావాలంటే టాగెట్ ఉచితం. పది ఇంటర్వ్యూలైతే ప్రింట్ తీసి రంగు స్కెచ్‌పెన్నులతో చేసుకున్నా ఏ లోటూ ఉండదు, నేను అలాగే చేశాను.

మిగిలినవి

మొదటి పేపర్ చదివిన రోజే జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. బ్రౌజర్‌లో ఒక్క నొక్కుతో పేపర్ వివరాలు చేరిపోతాయి, చివర్లో ఏపీఏ పద్ధతిలో గ్రంథసూచి దానంతటదే వస్తుంది. 300 ఎంబీ దాకా ఆన్‌లైన్ నిల్వ ఉచితం. చాట్‌బాట్‌ని సందేహాలు అడగండి, కఠినమైన పేరాని తేలికగా చెప్పమనండి, కానీ రిఫరెన్సులు మాత్రం ఇవ్వమనకండి. లేని పేపర్లకి కూడా ఉన్నట్టే పేరూ సంవత్సరమూ ఇచ్చేస్తుంది. మీరు స్వయంగా తెరిచి చూడని పేపర్ మీ జాబితాలో ఉండకూడదు.

ప్రచురణ విషయానికొస్తే, మంచి జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితాని 2025లో ఆపేశారు, కాబట్టి జర్నల్ మంచిదో కాదో చూసుకునే బాధ్యత మన మీదే పడింది. వాట్సాప్‌లో "మూడు రోజుల్లో ప్రచురణ, ఫీజు ఇంత" అని వచ్చేవాటికి దూరంగా ఉండండి. డీవోఏజే అనే ఉచిత జాబితాలో ఆ జర్నల్ ఉందేమో చూడండి, దాని పాత వ్యాసాలు రెండు తెరిచి చదవండి, సంపాదకవర్గంలో ఉన్న ఒకరి పేరు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీలో నిజంగా ఉన్నారో లేదో చూసుకోండి. ఈ మూడూ చూశాకే పంపండి.